వాళ్లెవరో పిల్లలకు చెప్పేది మనమే

కాలనీలో ఎవరిదో సైకిలు పోతుంది. సాయంత్రానికి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకరు, "ఆ బిల్డింగు పనికొచ్చిన బీహారు వాళ్ల పనే అయ్యుంటుంది" అని పెడతారు. చూసినవాళ్లు లేరు. అయినా రాత్రి భోజనాల దగ్గర మనమూ ఆ మాటే అనేస్తాం. పక్కన అన్నం తింటున్న ఏడేళ్ల పాప దాన్ని అమ్మానాన్నలు చెప్పిన నిజంగానే తీసుకుంటుంది.

2018 మేలో ఇలాంటి మాటలు ఎక్కడిదాకా పోతాయో చూశాం. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయంటూ ఫోన్లలో వచ్చిన వీడియోలు నమ్మి, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కొత్తవాళ్లు కనబడితే కొట్టారు. ప్రాణాలు పోయాయి. అప్పుడు గద్వాల, వనపర్తి ప్రాంతానికి ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి పోలీసులను ఊరూరా తిప్పి, డప్పు వేయించి, పాటలు పాడించి అవి అబద్ధాలని చెప్పించారు. ఇంట్లో మనకు డప్పు అక్కర్లేదు. "ఎవరు చూశారట?" అని పిల్లల ముందు ఒక్కసారి అడిగితే చాలు. అడగాల్సింది అత్తగారినో, ఆయననో అయితే మాత్రం కాస్త కష్టమే.

కాలేజీకొచ్చిన పిల్లలు వేరే ప్రశ్న తెస్తారు. తక్కువ కూలికి బయటివాళ్లు వస్తే మనవాళ్ల పని పోదా అని. కసురుకోకండి, ఆ భయం ఉత్తదేం కాదు. రంగూన్ సంగతి చెప్పండి. ఒకప్పుడు మన కోస్తా జిల్లాల నుంచి ఓడలెక్కి అక్కడి రేవులో కూలికి పోయేవారు. అక్కడ బయటివాళ్లు మనమే. 1930 మేలో ఆ తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేస్తే, సరుకు ఎత్తి దింపించే కంపెనీలు బర్మా కూలీలను పెట్టుకున్నాయి. సమ్మె తీరగానే తెలుగువాళ్లను మళ్లీ పనిలోకి పిలిచి, బర్మా వాళ్లను పొమ్మన్నాయి. రేవులో మొదలైన కొట్లాట నగరమంతా పాకి ఎందరో చచ్చిపోయారు. కూలీల కోపం పక్క కూలీల మీదికే పోయింది. వాళ్లను అలా వాడుకున్న కంపెనీల దాకా పోలేదు. కూలి ఎవరు తగ్గిస్తున్నారో, తగ్గితే ఎవరికి మిగులుతోందో మీ అబ్బాయినే ఆలోచించమనండి.

బయటినుంచి వచ్చినవాళ్లు రోజూ కళ్లబడుతుంటే అపోహలు వాటంతటవే పోతాయని కొందరి నమ్మకం. నాకైతే అంత నమ్మకం లేదు. అమెరికన్ మనస్తత్వవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లోనే దీనికి షరతులు చెప్పాడు. ఇద్దరూ సమానంగా నిలబడాలి, ఒకే లక్ష్యం కోసం కలిసి పనిచేయాలి, పైనున్న పెద్దలు అందుకు ఒప్పుకోవాలి. నేపాల్ నుంచి వచ్చిన వాచ్‌మన్ కూతురు మెట్లు తుడుస్తూ కనబడటం ఈ లెక్కలోకి రాదు. మీ పాపతో ఒకే కబడ్డీ జట్టులో ఆడితే వస్తుంది. పాత గౌన్లు ఇప్పించడం మంచిదే గానీ, అదొక్కటే అయితే ఇచ్చే చెయ్యి ఎప్పుడూ తనదేనని మీ పాప అనుకుంటుంది.

పుట్టినరోజుకు ఆ పిల్లనూ పిలవండి. కేకు ముక్క గుమ్మం దగ్గరే చేతిలో పెట్టి పంపకుండా అందరితో పాటు లోపల కూర్చోబెట్టండి. వాళ్ల ఊళ్లో ఏం ఆడతారో అడిగి, ఆ ఆటే ఆడమనండి. ఆ పిల్ల తెలుగులో తడబడితే నవ్వకూడదని మీ పాపకు ముందురోజే చెప్పి ఉంచండి.