వాన వెలిసినా ఇల్లు కురుస్తోంది

ప్రశ్న: తుపానుకు మా రేకుల ఇల్లు దెబ్బతింది. సర్వేయర్ వచ్చి, విరిగిన నాలుగు రేకులు లెక్క రాసుకుని వెళ్లారు. బీమా డబ్బు ఖాతాలో పడింది. నెల తిరగకుండానే, బాగున్నాయనుకున్న రేకుల కింద కూడా ఇల్లు కురుస్తోంది. అడిగితే క్లెయిము మూసేశాం, సంతకం పెట్టారుగా అంటున్నారు. ఇక దారి లేదా?

జవాబు: ఉందండీ. మీరు సంతకం చేసింది డిశ్చార్జ్ వోచర్ మీద, అంటే క్లెయిము సొమ్ము పూర్తిగా ముట్టిందని రాసిచ్చే కాగితం మీద. దాన్ని చూపించి పాలసీదారు నోరు మూయించడం కుదరదని, ఎక్కువ పరిహారం కోరే హక్కు ఆ సంతకంతో పోదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2015లోనే కంపెనీలకు చెప్పింది. అయితే అన్నీ తెలిసి, సంతృప్తిగా సంతకం చేశారని కంపెనీ వాదిస్తుంది. మోసం, ఒత్తిడి వంటివి ఉంటే వోచర్ అడ్డు కాదని సుప్రీంకోర్టు 1999లో అంది. మీ విషయంలో అప్పటికి నష్టం కంటికే కనపడలేదు. మీ వాదనకు బలం అదే.

ఎందుకు కనపడలేదో రాతలో చెప్పాలి. ఈదురుగాలికి రేకు లేచి మళ్లీ కూర్చుంటుంది. బోల్టు దగ్గర రంధ్రం సాగుతుంది, వాషరు నలిగిపోతుంది, సన్నని పగులు పడుతుంది. కింద నిలబడి చూసేవారికి రేకు నిక్షేపంగానే ఉంటుంది. సర్వేయర్ నిచ్చెన ఎక్కారా లేదా? నన్నడిగితే కేసు సగం తేలేది ఇక్కడే. సర్వేయర్ నివేదిక ముఖ్యమే గానీ అదే ఆఖరి మాట కాదని కూడా 2009లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ నివేదిక నకలు అడిగి తీసుకోండి. పాలసీ బ్యాంకు రుణంతో పాటు వచ్చి ఉంటే దాని ప్రతి బ్యాంకులోనే పడి ఉంటుంది, అదీ అడగండి.

కంపెనీ తప్పకుండా అనే మాట: "ఇది పాత అరుగుదల." 2021 ఏప్రిల్ నుంచి అమ్ముతున్న భారత్ గృహ రక్ష పాలసీలో తుపాను నష్టానికి రక్షణ ఉంది, కాలక్రమంలో వచ్చే అరుగుదలకు లేదు. కానీ మినహాయింపు వర్తిస్తుందని రుజువు చేయాల్సింది కంపెనీయే. తుపానుకు ముందు ఇంటి ముందు తీసుకున్న పెళ్లి ఫొటోలో కప్పు కనపడినా పనికొస్తుంది. వాతావరణ శాఖ హెచ్చరిక, పక్కింటి నష్టం ఫొటోలు, కప్పెక్కి చూసిన ఇంజనీరు రాసిచ్చిన కాగితం జత చేయండి.

వీటితో కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాసి, మళ్లీ తనిఖీ చేయమని, మిగతా నష్టం కట్టమని అడగండి. ఫోనులో చెబితే చాలదు. నెలలోపు జవాబు రాకున్నా, వచ్చిన జవాబు నచ్చకున్నా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు ఏడాదిలోపు ఫిర్యాదు చేయవచ్చు. రుసుము లేదు, వకీలు అక్కర్లేదు, 50 లక్షల రూపాయల వరకు పరిహారం ఇప్పించగలరు. వద్దనుకుంటే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, అక్కడ గడువు రెండేళ్లు.

ఈలోగా కప్పు మీద బరకం వేయించి, బిల్లు దాచండి. నష్టం పెరగకుండా చూసే బాధ్యత మీదే. మార్చిన రేకులను, నలిగిన వాషర్లను మాత్రం తనిఖీ అయ్యేదాకా పాత ఇనుప సామాను వాడికి అమ్మకండి.