గరికను తెలుసుకుందాం



కొడవలి తెగి, ముల్లు దిగి మా డ్రెస్సింగ్ గదికి వచ్చేవారిలో కొందరి గాయం మీద పచ్చటి పసరు కనిపిస్తుంది. "ఏం పెట్టారమ్మా?" అని అడిగితే "గరిక నూరి కట్టామండి" అంటారు. చిన్నప్పటి నుంచి తొక్కి తిరిగిన గడ్డే కదా అని వారి ధైర్యం. ఆ గడ్డి ఎలా బతుకుతుందో తెలిస్తే, గాయం మీద వద్దని మేము ఎందుకు చెబుతున్నామో సులువుగా అర్థమవుతుంది.

గుర్తుపట్టడం ఎలా?

వరి, జొన్న, చెరకు ఏ కుటుంబమో గరికదీ అదే కుటుంబం. దీని శాస్త్రీయ నామం సైనోడాన్ డాక్టిలాన్. గ్రీకు భాషలో మొదటి మాటకు కుక్కపన్ను అనీ, రెండో మాటకు వేలు అనీ అర్థం. నేలలోపలి కాండం మీద మొనదేలిన పొలుసులు కుక్కపళ్లలా ఉంటాయి. పూతకు వచ్చినప్పుడు కాడ చివర ఒకే చోటు నుంచి 3 నుంచి 7 సన్నని కంకులు చేతివేళ్లలా విచ్చుకుంటాయి. కొందరు తుంగను చూసి గరిక అనుకుంటారు. కాడను వేళ్ల మధ్య తిప్పి చూడండి. తుంగకు మూడు అంచులు తగులుతాయి, గరికకు తగలవు.

ఎందుకు చావదు?

గరిక బహువార్షిక మొక్క. ఒక పంటకాలంతో దాని ఆయుష్షు తీరదు. నేల మీద కొన్ని కాడలు పాకుతాయి, నేల లోపల కొన్ని సాగుతాయి. కణుపు మట్టికి తగిలిన చోటల్లా కిందికి వేరు, పైకి చిగురు వస్తాయి. నాగలికి తెగిన ముక్కలో ఒక్క కణుపు మిగిలినా మళ్లీ మొలుస్తుంది. అందుకే రైతులు వేసవిలో లోతుగా దున్ని, గరిక వేళ్లను ఎండబెట్టి ఏరివేస్తారు. అదే గరిక పొలం గట్టు మీద ఉంటే మట్టి కోసుకుపోకుండా పట్టి ఉంచుతుంది. పశువులకు మంచి మేత కూడా.

గాయం మీద ఎందుకు వద్దు?

నేలను ఇంతగా అంటిపెట్టుకుని ఉండే మొక్కకు మట్టి, పేడ అంటకుండా ఉండవు. ధనుర్వాతం కలిగించే క్రిముల బీజాలు ఆ మట్టిలో, పేడలో ఏళ్ల తరబడి బతికే ఉంటాయి. ఆకును కడిగినంత మాత్రాన అవన్నీ పోవు. నూరిన ఆకును లోతైన గాయంలో కూరి గుడ్డ చుడితే, గాలి ఆడని ఆ చోట క్రిములు పెరుగుతాయి. దవడలు బిగుసుకుపోయి, ప్రాణం మీదికి రావచ్చు.

మరో మాట. గరిక పుప్పొడి గాలిలో ఎగురుతుంది. అది పడని వారికి తుమ్ములు, ముక్కు కారడం, కళ్ల దురద వస్తాయి. ఉబ్బసం ఉన్నవారికి ఆయాసం పెరగవచ్చు.

గుర్తుంచుకోండి:

1. గాయాన్ని శుభ్రమైన ధార నీటితో, సబ్బుతో కడగండి.
2. పసరు, పేడ, బూడిద, కాఫీపొడి ఏవీ పెట్టవద్దు. పసిబిడ్డ బొడ్డు మీద అసలే వద్దు.
3. శుభ్రమైన పొడి గుడ్డ కట్టి ఆస్పత్రికి రండి. ధనుర్వాతం టీకా ఎప్పుడు వేయించుకున్నారో గుర్తులేకపోతే ఆ మాట తప్పక చెప్పండి.
4. గరిక పూసే రోజుల్లో ఆయాసం ఎక్కువైతే ఇంట్లో ఓర్చుకుంటూ కూర్చోవద్దు, వెంటనే చూపించుకోండి.

పసరు కట్టి వచ్చినా మేము కోప్పడం. ఏం పెట్టారో దాచకుండా చెప్పండి, చాలు.