కార్యాలయ ఇంటర్నెట్ ఫోనులకు చిన్న సర్వరు: ఎంపికలో గమనింపదగిన విషయములు

పెద్ద పంచాయతీ కార్యాలయములలో కార్యదర్శి, పన్నుల లెక్క చూచువారు, నీటి సరఫరా చూచువారు వేర్వేరు గదులలో పనిచేయుచుందురు. అట్టిచోట ఇంటర్నెట్ ఫోనులు సౌకర్యముగా నుండును. పాత టెలిఫోను తీగ తగిలించినంతనే పలికెడిది. ఇంటర్నెట్ ఫోను అట్టిది కాదు. అదియొక చిన్న కంప్యూటరు. తన నంబరేది, రహస్య పదమేది, ఏ ఎక్స్ఛేంజిని ఆశ్రయింపవలెను అను సంగతులు దానికి ముందుగా తెలుపవలెను. ఈ సంగతులను ఫోనులకు అందించు యంత్రమే అమరికల సర్వరు. దీని కొనుగోలుకు తీర్మానము చేయు సభ్యులు కొన్ని విషయములు తెలిసికొని యుండుట అవసరము.

పనిచేయు విధానము

ఫోనును తీగకు కలిపిన వెంటనే అది సాధారణముగా రౌటరునుండి ఒక చిరునామాను పొందును. ఆ జవాబులోనే, 66వ ఆప్షన్ అను భాగమున, అమరికల సర్వరు ఎచ్చట నున్నదో తెలుపవచ్చును. ఫోను ఆ సర్వరును చేరి తనకు చెందిన ఫైలును తెచ్చుకొనును. ప్రతి ఫోనునకు తయారైన చోటనే 12 గుర్తులుగల మ్యాక్ చిరునామా ఇయ్యబడును. సాధారణముగా అదియే ఫైలు పేరు. ఒక ఫోను చెడిపోయినచో, అదే రకపు కొత్త ఫోను మ్యాక్ చిరునామాకు ఫైలు పేరును మార్చిన చాలును.

ఎంత యంత్రము కావలెను?

మూడు నాలుగు ఫోనులే యున్నచో చేతితో అమర్చుకొనుట మేలు, సర్వరు అక్కరలేదు. పది, ఇరువది యున్నప్పుడు సర్వరు శ్రమను తగ్గించును. అయినను దీని పని స్వల్పము. 2012లో తొలిసారి విక్రయమునకు వచ్చిన రాస్ప్‌బెర్రీ పై వంటి అరచేతి కంప్యూటరు ఇందుకు చాలును. కొన్ని రౌటర్లు సైతము ఈ పనిని చేయగలవు. ఇంత పనికి భారీ సర్వరును కొనుట పిచ్చుకపై బ్రహ్మాస్త్రము ప్రయోగించుటయే.

అమరికల నందించుట వేరు, సంభాషణలను కలుపుట వేరు. ఎక్స్ఛేంజి వెలుపలి సంస్థ వద్ద నున్నచో, ఇంటర్నెట్ ఆగినప్పుడు ఈ సర్వరున్నను గదినుండి గదికి మాటలాడుటకు వీలుపడదు. ఆ సౌకర్యము కావలెనన్నచో ఆస్టరిస్క్ వంటి ఉచిత ఎక్స్ఛేంజి సాఫ్ట్‌వేరును కార్యాలయముననే నడుపవలెను.

నాలుగు జాగ్రత్తలు

1. విద్యుత్తు హఠాత్తుగా పోయినచో మెమొరీ కార్డులోని ఫైళ్లు చెడుటకు అవకాశము కలదు. కార్డునకు బదులు ఎస్.ఎస్.డి. వాడుట మంచిది. సర్వరు, రౌటరు, స్విచ్చి మూడింటికిని ఒకే యు.పి.ఎస్. అమర్చవలెను. తీగద్వారా విద్యుత్తు నిచ్చు స్విచ్చి యున్నచో, ఆ సౌకర్యముగల ఫోనులును దానితోడనే నడచును.

2. ఫైళ్లలో రహస్య పదములుండును. టి.ఎఫ్.టి.పి. అను పాత పద్ధతిలో వానికి రక్షణ లేదు, హెచ్.టి.టి.పి.ఎస్. పద్ధతినే కోరవలెను. సర్వరును బయటి ఇంటర్నెట్‌నకు తెరచి యుంచరాదు. రహస్య పదములు దొంగల పాలైనచో వారు విదేశములకు చేయు కాల్‌ల ఖర్చు పంచాయతీపై పడును.

3. చిరునామాల నిచ్చు యంత్రము ఒక్కటియే యుండవలెను. రౌటరు, సర్వరు రెండును ఆ పనికి పూనుకొనినచో ఫోనులు తికమకపడును.

4. ఫైళ్ల నకలు వేరొకచోట భద్రపరుపవలెను. సర్వరు రహస్య పదమును సీలువేసిన కవరులో కార్యాలయపు బీరువాయందుంచవలెను. కార్యదర్శికి బదిలీ అయినను, గుత్తేదారు మారినను పని ఆగరాదు.

సొమ్ము చెల్లించుటకు ముందు

సభ్యుల సమక్షమున ఒక పరీక్ష జరిపించుడు. విద్యుత్తును ఆపి, మరల ఇయ్యుడు. ఫోనులన్నియు తమంతట తాము సిద్ధము కావలెను. ఒక ఫోనును తీసి, దాని స్థానమున కొత్తదానిని గుత్తేదారు గాక కార్యాలయ ఉద్యోగియే అమర్చవలెను. ఈ రెండును నెరవేరిననే బిల్లును ఆమోదింపుడు. గుత్తేదారు వెడలిన పిమ్మట మన ఉద్యోగి నడుపజాలని యంత్రము ఎంత చౌకయైనను గ్రామ ధనమునకు నష్టమే.