పని పోయిన వానికి పరిగె



ద్రాక్షతోట కూలివారి ఉపమానమును మీరు ఎన్నోమారులు వినియున్నారు. అయితే సాయంకాలము అయిదు గంటల వరకు సంతవీధిలో నిలిచియున్న వారిని గూర్చి మనము ఎక్కువగా ఆలోచింపము. వారు సోమరులని ప్రభువు చెప్పలేదు. తమ్మును పిలిచినవాడే లేడని వారు చెప్పుకొనిరి, యజమానుడు ఆ మాటను నమ్మెను. మన పల్లెలలో మాత్రము పట్నమునుండి పని పోగొట్టుకొని వచ్చిన కుమారుని చూచి, "వాడు అక్కడ నిలువలేకపోయినాడు" అని అరుగుల మీద చెప్పుకొందురు. అందుచేత అనేకులు పని పోయిన సంగతి ఇంటికి తెలియనియ్యరు. అప్పు చేసి రెండు మూడు నెలలు పంపవలసిన సొమ్ము పంపుదురు. ఆ తరువాత గదిఅద్దె కట్టలేక ఒక రాత్రి బస్సెక్కుదురు. కాగితములు ఆ గదిలోనే ఉండిపోవును. ఈ మాసపు పాఠము ఆ కాగితములను గూర్చియే.

మేము మల్కాజిగిరి నుండి వ్రాయుచున్నాము. ఒకప్పుడిది సికింద్రాబాదు వెలుపలి గ్రామము. రైలు వచ్చి, 1893లో లాలాగూడ వర్క్‌షాపు వెలసిన నాటినుండి ఈ దిక్కునకు పనివారు రాసాగిరి. తరువాత మౌలాలి, నాచారము, కుషాయిగూడ, చర్లపల్లి ప్రాంతములలో కర్మాగారములు లేచెను. నల్లగొండ, పాలమూరు, మెదకు, ఓరుగల్లు పల్లెల బిడ్డలు నలుగురైదుగురు కలిసి ఒక గది తీసికొని ఈ కర్మాగారములకు పోవుచుందురు. కర్మాగారము శాశ్వతమని ఎవరును చెప్పలేరు. సిర్పూరు కాగజ్‌నగరులోని కాగితపు మిల్లు 2014లో నిలిచిపోయి 2018లో మరల తిరిగినది. ఆ నాలుగేండ్లు అక్కడి కుటుంబములు ఏమి తినెనో అక్కడివారినే అడుగవలెను. 2020 మార్చిలో దేశమంతయు మూసివేసినప్పుడు ఎందరు కాలినడకను ఇండ్లకు పోయిరో మనమందరము చూచితిమి.

ఇశ్రాయేలీయుల ధర్మశాస్త్రములో, కోత కోయువాడు పొలము అంచులను పూర్తిగా కోయరాదనియు, రాలిన పరిగెను బీదవారికిని పరదేశులకును విడువవలెననియు ఉన్నది. లేవీయకాండము 19వ అధ్యాయము చూడుడి. అది భిక్షము కాదు, చట్టము. రూతు బోయజు పొలములో ఏరుకొన్నది ఆ చట్టము వలననే. అయితే పరిగె దానంతట అదే నయోమి ఇంటికి నడచి రాలేదు. రూతు పొలమునకు పోయి, అనుమతి అడిగి, వంగి ఏరుకొనవలసి వచ్చెను.

మన దేశపు రాజ్యాంగములో 41వ అధికరణము, నిరుద్యోగము, ముసలితనము, వ్యాధి వచ్చినవారికి ప్రభుత్వము తన శక్తి కొలది సహాయము చేయవలెనని చెప్పుచున్నది. అది ఆదేశిక సూత్రములలో నున్నందున కోర్టుకు పోయి దానినే అడుగుటకు వీలులేదు. ఇంగ్లండులో 1911లోనే కొన్ని వృత్తులవారికి నిరుద్యోగ భీమా వచ్చెను. ఇక్కడ పని లేని ప్రతివానికి నెలనెల భృతి ఇచ్చు పద్ధతి లేదు. ఉన్నది ముఖ్యముగా జీతములో కోత పడినవారికే. కాబట్టి జీతపు చీటీ చదువుట నేర్చుకొనవలెను.

ఆ చీటీలో ఈ.ఎస్.ఐ. అను మాట యుండును. 1948 చట్టము ననుసరించి 1952 ఫిబ్రవరి 24న కాన్పూరులోను ఢిల్లీలోను మొదలైన ఈ భీమా 1955లో మన హైదరాబాదునకు వచ్చెను. 2019 జూలై నుండి నూరు రూపాయల జీతమునకు పనివాని వంతు 75 పైసలు, యజమాని వంతు 3 రూపాయల 25 పైసలు. నెలకు 21 వేల రూపాయల లోపు జీతమువారు దీనిలో చేరుదురు. మల్కాజిగిరి వైపు పనివారికి నాచారములోని ఈ.ఎస్.ఐ. ఆసుపత్రి తెలియును గాని, ఆ కార్డు జ్వరమునకు మాత్రలు తెచ్చుకొనుటకే అనుకొందురు. పని పోయినప్పుడు కూడ అది పనికివచ్చునని చెప్పువారు తక్కువ.

ఈ భీమాలో నిరుద్యోగికి సహాయము రెండు విధములు. మొదటిది అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన, 2018 జూలైలో వచ్చినది. మొదట సగటు జీతములో నాలుగవ వంతే ఇచ్చిరి. 2020 మార్చి 24 నుండి సగము చేసిరి. రెండేండ్లు భీమాలో నుండి, పని పోవుటకు ముందరి ఆరు నెలల చందా కాలములో 78 దినములకును, అంతకు ముందరి మూడు కాలములలో ఏదైన ఒకదానిలో 78 దినములకును చందా కట్టబడి యుండవలెను. పని పోయి 30 దినములు గడచిన పిమ్మట అడుగవచ్చును. యజమాని చేతిమీదుగా పంపనక్కరలేదు, పనివాడే నేరుగా అడుగవచ్చును. జీవితకాలములో మొత్తము 90 దినములకు మించి దొరకదు.

నెలకు 15 వేలు సంపాదించినవానిని తీసికొందము. రెండేండ్ల సంపాదన 3 లక్షల 60 వేలు. దానిని 730 దినములకు పంచిన దినమునకు సుమారు 493 రూపాయలు. అందులో సగము చొప్పున 90 దినములకు 22 వేల పైచిలుకు వచ్చును. గొప్ప సొమ్మేమి కాదు. అయినను మూడు నెలల గదిఅద్దె, బియ్యము, పిల్లవాని బడి రుసుము అందులో గడచును. వడ్డీవాని గడప తొక్కకుండ ఒక మనుష్యుడు మరియొక పని వెదకుకొనవచ్చును. ఈ పథకమును గడువు వెంబడి గడువు పొడిగించుచు వచ్చిరి గనుక, పని పోయిన తేదీనాటికి అమలులో నున్నదా అని ఈ.ఎస్.ఐ. శాఖా కార్యాలయములో ముందుగా అడుగుడి.

రెండవది ఇంతకంటె పెద్దది. 2005 ఏప్రిలులో మొదలైన రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన. కర్మాగారము మూతపడినను, ఎక్కువైన పనివారని తొలగించినను, పనికి సంబంధములేని దెబ్బవలన నూటికి నలుబది వంతులకు తక్కువ కాని శాశ్వత అంగవైకల్యము కలిగినను ఇది దొరకును. 2016 నుండి మొదటి పండ్రెండు నెలలు సగటు జీతములో సగము, తరువాతి పండ్రెండు నెలలు నాలుగవ వంతు. ఆ కాలములో కుటుంబమంతటికి వైద్యము కూడ.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పవలసి యున్నది. పనివారిని తీసివేయునప్పుడు కొన్ని చోట్ల ఒక కాగితము ముందు పెట్టి, "ఇక్కడ సంతకము చేయి, లెక్క తీర్చెదము" అందురు. అది ఇంగ్లీషులో నుండును. "నా ఇష్టముచొప్పున పని మానుకొనుచున్నాను" అని దాని భావము. ఆనాటి జీతము చేతికి వచ్చుచున్నదను సంతోషముతో మనవాడు సంతకము పెట్టును. స్వచ్ఛంద విరమణ తీసికొన్నవానికి, తప్పిదమునకు శిక్షగా తీసివేయబడినవానికి అటల్ యోజన వర్తింపదు. తొలగింపు పరిహారము కూడ యజమాని తొలగించినవానికే గాని తానే మానుకొన్నవానికి కాదు. ఒక్క సంతకముతో ఆ పరిహారము, ఈ భృతి రెండును చేజారిపోవును. చదువలేని కాగితము మీద సంతకము పెట్టనని చెప్పుట పొగరు కాదు. "ఇంటికి తీసికొనిపోయి చదివించుకొని రేపు తెచ్చెదనండి" అని మర్యాదగా అనవచ్చును. కనీసము ఫోనుతో దాని ఫోటో తీసికొనవలెను. ఈ మాట ప్రతి తల్లియు పట్నములోని తన బిడ్డకు చెప్పవలెనని మా కోరిక.

కూలివాని కూలి ప్రొద్దుగ్రుంకక మునుపే ఇచ్చివేయుమని ద్వితీయోపదేశకాండము చెప్పును. మన చట్టము రెండు పనిదినములు గడువిచ్చినది. 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన కార్మిక స్మృతుల ప్రకారము, తొలగించినవానికి రావలసిన జీతము ఆ గడువులో ఇయ్యవలెను. ఏడాది ఎడతెగక పనిచేసిన కార్మికుని తొలగించుటకు నెల ముందు నోటీసు గాని, దానికి బదులు నెల జీతము గాని ఇయ్యవలెను. పనిచేసిన ప్రతి సంవత్సరమునకు 15 దినముల సగటు జీతము పరిహారము. 1953 నుండి పాత చట్టములోను ఇట్లే యుండెను. క్రొత్త స్మృతిలో, వేరొక పని నేర్చుకొనుటకని మరి 15 దినముల జీతము 45 దినములలోగా పనివాని ఖాతాకు చేరవలెనని చేర్చిరి.

అయిదేండ్లు నిండినవానికి గ్రాట్యుటీ వేరుగా నుండును. మూలవేతనము, కరువుభత్యము కలిపి 15 వేలున్నవాడు ఎనిమిదేండ్లు చేసినయెడల 69 వేల 230 రూపాయలు రావలెను. పి.ఎఫ్. సొమ్ము సరేసరి, అది అతని స్వంతమే. అయితే పదేండ్లు నిండక మునుపు పింఛను భాగమును ఊరక తీసివేసికొనక, స్కీము సర్టిఫికెటు అడిగి తీసికొన్నచో, రేపు మరియొక చోట చేయు సేవ దానికి కలియును. పెండ్లికని, బోరుబావికని ఆ సొమ్ము అడుగు చుట్టములు ఎటుతిరిగి ఉందురు!

మరి జీతపు చీటీయే లేనివారు? అడ్డా మీద నిలుచు కూలివారికి, ఇండ్లలో పనిచేయు అక్కలకు పైన చెప్పిన భృతులలో ఒకటియు లేదు. ఇది పెద్ద కొరతయే. 2021 ఆగస్టులో వచ్చిన ఈ-శ్రమ్ కార్డు వారి పేరు వ్రాసికొన్నది గాని పని పోయిననాడు భృతి ఇయ్యదు. పల్లెకు తిరిగివచ్చినవారికి ఉపాధి హామీ కలదు. 2005లో చేసిన ఆ చట్టము 2006 ఫిబ్రవరి 2న మన అనంతపురము జిల్లా బండ్లపల్లిలోనే మొదలై, కుటుంబమునకు ఏటా నూరు దినముల పని చూపవలెననెను. అడిగిన 15 దినములలో పని చూపనిచో నిరుద్యోగ భృతి ఇయ్యవలెనని కూడ దానిలో నుండెను. 2025 డిసెంబరులో దాని స్థానమున 125 దినములకు క్రొత్త చట్టమును పార్లమెంటు ఆమోదించినది. ఏ చట్టము క్రిందనైనను పని నోటితో అడిగిన చాలదు. వ్రాసి ఇచ్చి, తేదీ వేసిన రసీదు తీసికొనుడి.

సంఘపెద్దలు ఒక పని చేయవచ్చును. పట్నమున బిడ్డలున్న కుటుంబములను ఒక ఆదివారము ఆరాధన పిమ్మట కూర్చుండబెట్టి, చదువు వచ్చిన యువకుడొకని చేత ఆ బిడ్డలకు ఫోను చేయించి అడిగించుడి. నీ ఈ.ఎస్.ఐ. నంబరు ఏమి? పి.ఎఫ్. నంబరు నీ ఫోనులో తెరచుకొనుచున్నదా? చందా నెలనెలా పడుచున్నదా, లేక జీతములో కోత మాత్రమే పడుచున్నదా? ఆధారు కార్డులోను కంపెనీ పుస్తకములలోను నీ పేరు ఒక్కటిగానే ఉన్నదా? మనవారిలో ఇంటిపేరుతో ఒకటి, బాప్తిస్మపు పేరుతో ఒకటి ఉండుట వాడుక గనుక ఈ చివరి ప్రశ్నను రెండుమారులు అడుగుడి. జవాబులను బైబిలు చివరి ఖాళీ పుటలో గాక ఒక చిన్న నోటుపుస్తకములో వ్రాసి, పల్లెలోని ఇంట పెట్టెలో దాచుడి.