శెనక్కాయ చేలో కంది సాలు: కెరీర్ కుదురుకున్నాక జీవితానికి చోటెక్కడ?



ఈ వారం వీడియోలో భగవద్గీత ఆరో అధ్యాయం, 16, 17 శ్లోకాలు చూశాం కదా. మరీ ఎక్కువ తినేవాడికీ, అసలు తిననివాడికీ, అతిగా నిద్రపోయేవాడికీ, నిద్ర మానుకునేవాడికీ యోగం కుదరదని కృష్ణపరమాత్మ చెప్పే ఘట్టం. తిండి, విహారం, చేసే పని, నిద్ర, మెలకువ... అన్నీ తగినట్టు ఉన్నవాడికే దుఃఖం పోతుందంటాడు. ఆ పట్టికలో 'పని' కూడా ఉందని చాలామంది గమనించరు. ఈ శ్లోకాలు చెప్పుకున్న ప్రతిసారీ ఒక ప్రశ్న వస్తుంది: "వినడానికి బాగానే ఉంది, కానీ ఇప్పుడే లీడ్ అయ్యాను, ఇంటి లోన్ ఉంది, ఇంకో అయిదారేళ్ళు కష్టపడి తర్వాత చూసుకుంటే తప్పేంటి?"

ఈ 'తర్వాత' అనే మాట గురించే ఇవాళ్టి పాఠం. దీనికి నాకు దొరికిన మంచి ఉదాహరణ ఏ మేనేజ్‌మెంట్ పుస్తకంలోనూ లేదు, అనంతపురం జిల్లా కుందుర్పి వైపు మెట్ట చేలల్లో ఉంది.

కళ్యాణదుర్గం దాటి కర్ణాటక సరిహద్దు వైపు వెళ్తే కుందుర్పి వస్తుంది. ఊరి పక్కన కోట ఉన్న కొండ, చుట్టూ ఎర్ర నేల. జిల్లాలో ఏడాది మొత్తానికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్లు. అది కూడా ఎప్పుడు పడుతుందో, రెండు వానల మధ్య ఎన్నాళ్ళు ఎండగాస్తుందో ఎవరూ చెప్పలేరు. ఒకప్పుడు ఈ నేలల్లో కొర్ర, సజ్జ, జొన్న, ఉలవ, అనుములు కలగలిపి వేసేవాళ్ళు. తర్వాత డబ్బు తెచ్చే పంటగా శెనక్కాయ వచ్చింది, అంటే వేరుశనగ. క్రమంగా చేను మొత్తం అదే అయిపోయింది. కాసిన ఏడు బాగానే ఉంటుంది. వాన ముఖం చాటేసిన ఏడు మాత్రం అప్పే మిగులుతుంది, ఇళ్ళకు తాళాలేసి బెంగళూరు బస్సెక్కాల్సి వస్తుంది. మనం ఫ్లాట్లు కొనుక్కునే అపార్ట్‌మెంట్లకు ఇటుకలు మోసేవాళ్ళలో ఈ వైపు వాళ్ళూ ఉంటారు. ముసలివాళ్ళ దగ్గర పిల్లల్ని వదిలి వచ్చినవాళ్ళకు 'వర్క్ లైఫ్ బ్యాలెన్స్' అని మాట్లాడే వెసులుబాటు కూడా లేదు. మనకుంది. ఆ తేడా గుర్తుంచుకునే ముందుకు వెళ్దాం.

ఇరవైల్లో మన కెరీర్ కూడా సరిగ్గా ఇలాగే మొదలవుతుంది. చేనంతా ఒకటే పంట. సంగీతం మానేస్తాం, సంధ్యావందనం ఆదివారానికి మారి తర్వాత అదీ పోతుంది, అమ్మతో ఫోను రెండు నిమిషాలకు కుదించుకుపోతుంది. జీతం మాత్రం పెరుగుతుంది కాబట్టి నష్టం కనబడదు. ముప్పై అయిదు, నలభై వచ్చేసరికి ఒక లేఆఫో, నాన్నగారి ఆపరేషనో, మాట్లాడ్డం మానేసిన పిల్లవాడో ఎదురైనప్పుడు చేలో ఇంకేమీ లేదని తెలుస్తుంది.

శెనక్కాయ వేసే రైతుల్లో తెలివైనవాళ్ళు చేసే పని ఒకటుంది. ఏడు సాళ్ళకో, పదకొండు సాళ్ళకో ఒక సాలు కంది వేస్తారు. సరిహద్దు దాటితే కన్నడంలో దీన్ని 'అక్కడి సాలు' అంటారు. శెనక్కాయ దాదాపు నాలుగు నెలల్లో చేతికొస్తుంది. కందికి ఇంకో రెండు నెలలు కావాలి. శెనక్కాయ పీకేసిన ఖాళీ చేలో కంది ఒక్కటే నిలబడి పూత పూస్తుంది. దాని వేరు లోతుకు పోతుంది కాబట్టి మధ్యలో వాన ఎగ్గొట్టినా కొంత తట్టుకుంటుంది. (కరువు గట్టిగా వస్తే కందీ ఎండుతుంది, అందులో దాపరికం లేదు.)

ఇప్పుడు అసలు విషయం. చివరిదాకా నిలిచే ఆ కందిని ఎప్పుడు విత్తుతారు? శెనక్కాయ పీకాక కాదు. అప్పటికి నేలలో పదును ఉండదు. రెండూ ఒకే రోజు, ఒకే వానకు, ఒకే గొర్రు వెంబడి పడాలి. రిటైరయ్యాక భగవద్గీత చదువుతాను, ప్రమోషన్ వచ్చాక అమ్మానాన్నలతో గడుపుతాను అనేవాళ్ళు పంట పీకేసిన చేలో గింజ చల్లుతామంటున్నారు.

అలాగని సగం శెనక్కాయ, సగం కంది అని కూడా కాదు. గీతలోని 'యుక్త' అనే మాటకు సరిసమానం అని అర్థం లేదు, తగినది, కుదిరినది అని అర్థం. 'యోగం'లో ఉన్న ధాతువే ఇందులోనూ ఉంది. ఎద్దుల మెడమీద వేసే కాడిని సంస్కృతంలో 'యుగం' అనేదీ దానినుంచే. పదకొండుకు ఒకటి చాలు, కానీ ఆ ఒక్కటి తప్పకూడదు.

రోజూ పది గంటలు ఆఫీసులో ఉండేవాడికి ఆ ఒక్కటి ఎంత? ఈ లెక్క మన పెద్దలు ఎప్పుడో వేసి పెట్టారు. గృహస్థు ప్రతిరోజూ చేయాల్సిన పంచ మహాయజ్ఞాల గురించి తైత్తిరీయ ఆరణ్యకం రెండో ప్రపాఠకంలో ఉంది: దేవ, పితృ, భూత, మనుష్య, బ్రహ్మ యజ్ఞాలు. 'మహా' అన్నారు కదా అని భయపడక్కర్లేదు. అగ్నిలో ఒక్క సమిధ వేసినా దేవయజ్ఞమే, పితరులకు వట్టి నీళ్ళిచ్చినా పితృయజ్ఞమే, ఒక్క ఋక్కు చదివినా బ్రహ్మయజ్ఞమే అని అక్కడే కనీసపు కొలత ఇచ్చేశారు. బిజీగా ఉండేవాళ్ళు ఆ రోజుల్లోనూ ఉన్నారన్నమాట! మన ఇళ్ళకు తెచ్చుకుంటే ఒక దీపం, కన్నవాళ్ళకు తీరిగ్గా ఒక ఫోను, పిట్టకో కుక్కకో పిడికెడు, ఇంకొకరికి ఒక ముద్ద, ఒక శ్లోకం. అంతా కలిపి అరగంట పట్టదు.

ఇందులో బ్రహ్మయజ్ఞాన్ని, అంటే చదువును, కెరీర్ పెరిగేకొద్దీ అందరికంటే ముందు వదిలేస్తాం. విద్య, కళ ఏదైనా సరే దీని పక్కనే పెట్టుకోవచ్చని నా అభిప్రాయం. 1880లో తాడిపత్రిలో పుట్టిన బళ్ళారి రాఘవ వృత్తికి న్యాయవాది, తెలుగువాళ్ళకు గుర్తున్నది మాత్రం మహానటుడిగా. ఆయన మేనమామ ధర్మవరం రామకృష్ణమాచార్యులూ వకీలే, ఆంధ్ర నాటక పితామహుడని పేరు తెచ్చుకున్నారు. ఇద్దరూ కోర్టు మానేశాక నాటకం మొదలుపెట్టినవాళ్ళు కారు.

ఇంకో మాట. 'అదును' వచ్చినప్పుడు రైతు రాత్రీ పగలూ చూడడు. వాన పడ్డ ఆ నాలుగు రోజుల్లో విత్తనం పడాలి. మనకూ రిలీజ్ వారాలు, ఆడిట్ వారాలు ఉంటాయి, అప్పుడు పన్నెండు గంటలు పనిచేయడం తప్పు కాదు. విల్లు కింద పడేసిన అర్జునుణ్ణి కృష్ణుడు ఇంటికి పంపలేదు. కానీ ఏడాదిలో యాభై రెండు వారాలూ అదునే అని మీ ఆఫీసు చెబుతోందంటే అక్కడ ఎవరో అబద్ధమాడుతున్నారు. ఇరవై నాలుగేళ్ళప్పుడు ఆ మాట అనే ధైర్యం ఉండదు. పదేళ్ళ అనుభవం తర్వాత ఉండాలి. మీ కింద పనిచేసే పిల్లల తరఫున కూడా అనాలి, సీనియర్ అయినందుకు అది మీ మనుష్యయజ్ఞం.

ఇక చివరిగా ఒకటి. విత్తేటప్పుడు గొర్రు వెనక నడుస్తూ గింజలు వదిలే చేతులు చాలాచోట్ల ఇంటి ఆడవాళ్ళవే. మన ఇళ్ళల్లో కూడా అత్తమామల మందులు, పిల్లల స్కూలు, దీపం, చుట్టాల పెళ్ళిళ్ళు ఒక్కరే మోస్తూ, పైగా తనూ ఉద్యోగం చేస్తుంటే, రెండోవాళ్ళు "నా లైఫ్ బ్యాలెన్స్‌డ్‌గానే ఉంది" అనుకుంటూ ఉంటారు. ఈ ఆదివారం ఇంట్లో కూర్చుని అడగండి: మన కంది సాలు ఇన్నాళ్ళూ ఎవరు వేస్తున్నారు? చెప్పేది పూర్తిగా వినండి, మధ్యలో సమర్థించుకోకండి. తర్వాత ఆ అయిదింటిలో ఏ రెండు మీవో పంచుకుని, సోమవారం నుంచే మొదలుపెట్టండి.

పితృయజ్ఞం గురించి, ముఖ్యంగా తల్లిదండ్రులు వేరే ఊళ్ళో ఉన్నవాళ్ళు ఏం చేయాలో, వచ్చే వారం విడిగా మాట్లాడుకుందాం. జై శ్రీకృష్ణ.