ఆన్‌లైన్ ఆటలో నమ్మకం ఎక్కడినుంచి వస్తుంది?

ఇంటర్నెట్‌లో వేలమంది కలిసి ఆడే ఆటను కేవలం కాలక్షేపమని కొట్టిపారేయటానికి వీల్లేదు. అదొక పెద్ద సంత. అందులో గనులున్నాయి, కార్ఖానాలున్నాయి, బేరసారాలున్నాయి. ఆటగాడు నెలల తరబడి శ్రమించి ఒక ఓడ కట్టుకుంటాడు. కాని ఆ ఓడ బలం, విలువ, చివరికి దాని ఉనికి సైతం కంపెనీవారి కంప్యూటర్లలోనే ఉంటాయి. కాటా, తూనికరాళ్ళు రెండూ ఒకరి చేతిలోనే ఉన్నప్పుడు రెండోవాడు దేన్ని చూసి నమ్మాలి? ఈ ప్రశ్నకు ‘ఈవ్ ఆన్‌లైన్’ అనే ఆట చరిత్రలో కొంత జవాబు కలదు.

ఐస్‌లాండ్ రాజధాని రేక్యవిక్‌కు చెందిన సి.సి.పి. సంస్థ 2003లో ఈ ఆటను విడుదల చేసింది. అంతరిక్షంలో వ్యాపారం, యుద్ధం దీని ఇతివృత్తం. ఆటగాళ్ళు కూటములు కట్టి పోరాడతారు. సంస్థ ఉద్యోగి ఒకడు తానూ ఒక కూటమిలో ఆడుతూ, ఓడల తయారీకి పనికొచ్చే అరుదైన నమూనాలను అక్రమంగా తనవాళ్ళకు అందించాడని 2007లో బయటపడింది. ఆ నమూనాల విలువకన్నా పెద్ద నష్టం వేరే జరిగింది. అంతకుముందు ఓడిపోయినవాళ్ళకు, తాము ఆటలో ఓడామా, మోసంలో ఓడామా అన్న అనుమానం పట్టుకుంది.

నేను రైతుబిడ్డను. మా నాన్న పత్తి తీసుకెళ్ళినప్పుడు వ్యాపారి మంచివాడా, చెడ్డవాడా అని ఆరా తీయడు. కాటా సున్నా దగ్గర నిలిచిందా, తరుగు ఎంత తీశారు, చీటీలో ఎంత రాశారు, ఇవే చూస్తాడు. అనుమానమొస్తే మరో కాటా మీద తూయిస్తాడు. నమ్మకమంటే కళ్ళు మూసుకోవటం కాదు, చూసుకునే వీలుండటం.

సి.సి.పి. కూడా ఈ దారినే పట్టింది. ఉద్యోగులపై నిఘాకు ఒక విభాగం పెట్టింది. ఆటలోని ధరవరలపై నివేదికలు ప్రకటించటానికి 2007లోనే ఐయోల్ఫుర్ గుడ్ముండ్సన్ అనే ఆర్థికవేత్తను నియమించింది. 2008లో ఆటగాళ్ళు ఓట్లేసి ఎన్నుకున్న ప్రతినిధుల మండలి ఏర్పడింది.

2011 జూన్‌లో మళ్ళీ పరీక్ష వచ్చింది. అసలు డబ్బుతో కొనే అలంకార వస్తువుల దుకాణం తెరిచారు. అందులో ఒంటికంటి అద్దం ఒక్కటే సుమారు 60 డాలర్లు! నేడు అలంకారాలు, రేపు ఆయుధాలా అని ఆటగాళ్ళు మండిపడ్డారు. జితా అనే వర్తక కేంద్రంలో గుమిగూడి అక్కడి విగ్రహంపై కాల్పులు కురిపించారు. చాలామంది చందాలు మానుకున్నారు. సంస్థ మండలిని హుటాహుటిన రేక్యవిక్ పిలిపించి, గెలుపుకు తోడ్పడే వస్తువులను ఆ దుకాణంలో అమ్మబోమని మాట ఇచ్చింది. అక్టోబరులో సంస్థ అధిపతి హిల్మార్ పీటర్సన్ బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. అదే నెలలో సుమారు 20 శాతం ఉద్యోగులను తీసేశారు. పైవాళ్ళ నిర్ణయాలకు కిందివాళ్ళు కూడా మూల్యం చెల్లించారన్నమాట.

అయితే ఆ మండలికి సలహా ఇచ్చే హక్కేగాని శాసించే అధికారం లేదు. కాటా ఇప్పటికీ కంపెనీ చేతిలోనే ఉంది. ఆటగాడికి మిగిలింది వెళ్ళిపోవటమొక్కటే. ఏళ్ళ కష్టం అక్కడే వదిలి వెళ్ళటం, బండిని యార్డునుంచి వెనక్కి తోలుకుపోయినంత తేలిక కాదు.

మనలో కొందరం రేపు ఇలాంటి ప్రోగ్రాములు రాయబోతున్నాం. అప్పుడు కాటా మన చేతికి వస్తుంది. మమ్మల్ని నమ్మండని అడిగేముందు, ఎదుటివాడు సరిచూసుకునే ఏర్పాటు చేశామా అని మనం ప్రశ్నించుకోవాలి.