కొత్త కుర్రాళ్లు ఎందుకు నిలవడం లేదు?

ప్రశ్న: గుంటూరులో మాకు చీరల దుకాణం ఉంది. కొత్తగా చేరిన కుర్రాళ్లు నెల తిరక్కుండానే మానేస్తున్నారు. లోపం ఎక్కడుందండీ?

జవాబు: ముందు, వాళ్లను ఎప్పుడు చేర్చుకుంటున్నారో చూడండి. శ్రావణ మాసం రద్దీలో తీసుకుని ఆ రోజే కౌంటర్లో నిలబెడితే ఎవరైనా బెదిరిపోతారు. సంప్రదాయ గద్వాల చీరకు ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు అని తెలియని కుర్రాడు, ఉప్పాడ జాందానీకీ దానికీ ధరలో తేడా ఎందుకో ఎలా చెప్పగలడు? తెల్లమొహం వేస్తాడు. మీరు అందరి ముందూ కసురుతారు. జీతం తక్కువని కాదు, చాలామంది ఆ అవమానానికే వెళ్లిపోతారు.

రద్దీకి నెల ముందే తీసుకోండి. మొదట్లో మడతలు పెట్టిస్తూ రకాలు చేత్తో తడిమి తెలుసుకోనివ్వండి. ఓపికున్న పాత మనిషికి అప్పగించి, నేర్పినందుకు ఆయనకు కొంత అదనంగా ఇవ్వండి. లేకపోతే తన కమీషన్ పోతుందని ఆయన నేర్పడు. తప్పులుంటే రాత్రి కొట్టు కట్టేశాక చెప్పండి.